గాలి కొట్టించిన మూడో రోజుకే మళ్లీ వెలుగుతున్న టైరు దీపం: సెన్సార్లు మార్చాల్సిందేనా?

కొత్తపేట_శ్రీను | జనవరి 5, రాత్రి 9:20

సభ్యులందరికీ నమస్కారం. ఆరేళ్ల క్రితం కొన్న మా కారులో టైర్లలో గాలి తగ్గిందని హెచ్చరించే పసుపు దీపం, అదే గుర్రపు నాడా మధ్యలో ఆశ్చర్యార్థకం ఉండే బొమ్మ, రెండు వారాలుగా నన్ను వదలడం లేదు. మొదటిసారి వెలిగినప్పుడు మా వీధి చివరి పంక్చర్ షాపులో నాలుగు టైర్లకూ గాలి కొట్టించాను. కొంత దూరం నడిపాక దీపం ఆరిపోయింది. మూడో రోజు పొద్దున ఆఫీసుకు బయలుదేరి కాలనీ కమాను దాటానో లేదో, మళ్లీ వెలిగింది. మళ్లీ గాలి కొట్టించడం, మళ్లీ ఆరడం, మూడో రోజుకు మళ్లీ వెలగడం. ఇప్పటికి ఇది నాలుగోసారి.

షాపు అతను టైర్లను పైపైన తడిమి మేకులేవీ లేవన్నాడు. తర్వాత ఒక పెద్ద వర్క్‌షాపుకు తీసుకువెళ్తే, అక్కడివారు కారు దగ్గరికైనా రాకుండా, "ఆరేళ్లయింది కదా సార్, సెన్సార్లు పోయి ఉంటాయి" అని చెప్పి, ఒక్కొక్కటి నాలుగున్నర వేల చొప్పున నాలుగూ మార్చుకోవాలని 18,000 రూపాయలకు అంచనా రాసిచ్చారు. మా బండిలో ఏ టైరులో ఎంత గాలి ఉందో అంకెల్లో చూపించే సౌకర్యం లేదు, దీపం ఒక్కటే ఉంది. 12వ తేదీన అమ్మను, మా ఆవిడను, ఇద్దరు పిల్లలను తీసుకుని సంక్రాంతికి విజయవాడ వెళ్లాలి. సెన్సార్లు మార్చడం తప్ప దారి లేదా, లేక ఆ దీపాన్ని పట్టించుకోకుండా వెళ్లిపోవచ్చా?

పాతబండి | జనవరి 5, రాత్రి 10:05

శ్రీను గారూ, నేను ముప్పై ఏళ్లు లారీలు, బస్సులు నడిపి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. మా రోజుల్లో ఈ దీపాలేవీ లేవు. బండి ఆపిన ప్రతిచోటా క్లీనరు దిగి, వీల్ స్పానర్‌తో టైర్ల మీద ఒక్కొక్క దెబ్బ వేసుకుంటూ వెళ్లేవాడు. ఖంగుమంటే గాలి ఉన్నట్టు, మొద్దుగా పలికితే లేనట్టు. 18,000 పెట్టి ఒక దీపం ఆర్పడం కన్నా, రెండు రూపాయల నల్ల టేపు ముక్క దాని మీద అంటించి, బయలుదేరే ముందు టైర్లను ఒకసారి కాలితో తన్ని చూసుకోవడం మేలని నా అభిప్రాయం.

మెట్రిక్_మాస్టారు | జనవరి 6, ఉదయం 6:30

పాతబండి గారి అనుభవం మీద గౌరవంతోనే ఒక మాట చెబుతాను. లారీ టైరులో 100 పీఎస్‌ఐకి (పీఎస్‌ఐ అంటే చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లు అని గాలి పీడనాన్ని చెప్పే కొలత) అటూఇటూగా గాలి ఉంటుంది కాబట్టి, అందులో పెద్ద తేడా వస్తే చప్పుడు మారుతుంది. కారు టైరులో ఉండేదే 33 పీఎస్‌ఐ. పైగా రేడియల్ టైరు పూర్తి గాలితో ఉన్నప్పుడు కూడా కింద కొంచెం పొట్ట పెట్టుకునే నిలబడుతుంది. అది 33 నుంచి 26కు దిగిందో లేదో కంటితో చూసిగానీ, కాలితో తన్నిగానీ నేనైతే చెప్పలేను. నేను తన్ని చూసి బాగానే ఉందనుకున్న టైరు, గాలి కొలిచే గేజీ పెడితే 22 చూపించిన సందర్భం ఒకటి ఉంది.

ఇక శ్రీను గారి ప్రశ్న. మీ మాటల్లోనే ఒక సమాధానం దాగి ఉంది. గాలి కొడితే దీపం ఆరుతోంది, కొన్ని రోజులకు వెలుగుతోంది. సెన్సారు పోయి ఉంటే గాలి కొట్టినంత మాత్రాన అది ఎందుకు ఆరుతుంది? ఎక్కడో నిజంగానే గాలి తగ్గుతోందని, సెన్సారు తన పని తాను చేస్తోందని అనుకోవడానికే ఇక్కడ ఎక్కువ ఆస్కారం ఉంది. అయితే అది లీకేజీయా, లేక చలి ప్రభావమా అన్నది ముందు తేల్చుకోవాలి.

చలి ప్రభావాన్ని తక్కువగా చూడవద్దు. మీరు సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ గాలి కొట్టించారనుకుందాం. ట్రాఫిక్‌లో పదిహేను కిలోమీటర్లు తిరిగిన టైరు లోపలి గాలి 45 డిగ్రీల దగ్గర ఉందని, షాపు అతను సరిగ్గా 33 పీఎస్‌ఐ పెట్టాడని అనుకోండి. గేజీ చూపించేది బయటి గాలి పీడనం కన్నా లోపల ఎంత ఎక్కువ ఉందో మాత్రమే కాబట్టి, హైదరాబాదు ఎత్తులో దానికి ఇంచుమించు 14 కలిపితే అసలు పీడనం 47 అవుతుంది. తెల్లవారుజామున ఉష్ణోగ్రత 16 డిగ్రీలకు పడిపోతుంది. కెల్విన్లలో, అంటే ఈ డిగ్రీలకు 273 కలిపి చెప్పాలంటే, 318 నుంచి 289కి వచ్చినట్టు. అదే నిష్పత్తిలో 47 కాస్తా 42.7 అవుతుంది, అందులోంచి 14 తీసేస్తే గేజీ మీద 28.7 కనిపిస్తుంది. ఎక్కడా ఒక్క బుడగ గాలి కూడా పోకుండానే నాలుగు పీఎస్‌ఐ తగ్గిందన్నమాట. డిసెంబరు, జనవరి నెలల్లో మన ఊళ్లలో ఈ దీపాలు పొద్దున పూటే వెలగడానికి ఇదే ముఖ్య కారణం. దీనికి తోడు ఒక టైరులో చిన్న లీకేజీ కూడా ఉంటే, పగలంతా కనిపించకుండా ఉండి తెల్లవారేసరికి బయటపడుతుంది.

అందుకని మీరు చేయవలసినది ఇది. సొంతంగా ఒక గేజీ కొనుక్కోండి. కారు కనీసం మూడు గంటలు కదలకుండా ఉన్న తర్వాత, అంటే పొద్దున ఎండ తగలకముందే, నాలుగు టైర్లలోనూ కొలవండి. డ్రైవరు తలుపు తెరిస్తే స్తంభం మీద అంటించి ఉండే చీటీలో కంపెనీ చెప్పిన అంకె ఉంటుంది. దాని ప్రకారం సరిచేసి, మూడు రోజులు అదే వేళకు కొలిచి కాగితం మీద రాయండి. టైరు పక్క గోడ మీద అచ్చు వేసి ఉండే పెద్ద అంకెను మాత్రం పట్టుకోకండి. అది ఆ టైరు తట్టుకోగల గరిష్ఠ పరిమితి, మీ కారుకు కావలసిన గాలి కాదు.

డాలస్_మావయ్య | జనవరి 6, ఉదయం 8:15

మాస్టారు గారి విశ్లేషణతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. టెక్సాస్‌లో చలిగాలి ఒక్కసారిగా దిగిన మర్నాడు పొద్దున మా అపార్టుమెంటు పార్కింగులో సగం కార్లలో ఈ దీపం వెలుగుతూనే ఉంటుంది. మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఆ రోజు మొదటి సందేశం అదే.

శ్రీను గారూ, మీకు ఒక ప్రశ్న. కారు స్టార్ట్ చేయగానే ఆ దీపం నిమిషం, నిమిషంన్నర పాటు మిణుకుమిణుకుమని ఆ తర్వాత స్థిరంగా వెలుగుతోందా, లేక మొదటి నుంచీ స్థిరంగానే వెలుగుతోందా? ఈ తేడా చాలా ముఖ్యం. స్థిరంగా వెలిగితే గాలి తగ్గిందని అర్థం. మొదట మిణుకుమని తర్వాత నిలిచిపోతే వ్యవస్థలోనే లోపం ఉందని, అంటే ఏదో ఒక సెన్సారు నుంచి సంకేతం అందడం లేదని అర్థం. నా పాత కారుకు తొమ్మిదేళ్లు నిండాక సరిగ్గా అలాగే జరిగింది. చక్రం లోపల వాల్వుకు అతుక్కుని ఉండే ఆ చిన్న పెట్టెలో లిథియం బ్యాటరీ ఉంటుంది. దాన్ని విడిగా మార్చే వీలు లేకుండా జిగురు పోసి మూసేస్తారు. సాధారణంగా అయిదు నుంచి పదేళ్ల దాకా పనిచేస్తుంది. అది చచ్చిపోతే మాత్రం సెన్సారు మార్చాల్సిందే.

పాతబండి గారికి ఒక సంగతి. ఈ దీపం అలంకారానికి పెట్టింది కాదు. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ అనే టైర్ల కంపెనీ ఇక్కడ అమెరికాలో 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచింది. వాటిలో ఎక్కువ భాగం ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ వాహనాలకు వేసినవి. వేగంగా వెళ్తుండగా టైరు పైపొర ఊడిపోయి బళ్లు బోల్తా పడిన ఉదంతాలు దేశాన్ని కుదిపేశాయి. టైరులో గాలి తక్కువగా ఉండడం, దానివల్ల పుట్టే వేడి గురించి అప్పుడే పెద్ద చర్చ జరిగింది. ఆ ఏడాది నవంబరులోనే వాహనాల భద్రత కోసం ట్రెడ్ అనే చట్టం వచ్చింది. 2007 సెప్టెంబరు 1 నుంచి తయారయ్యే ప్రతి కారులోనూ ఈ హెచ్చరిక తప్పనిసరి అయ్యింది. ఇక్కడి నిబంధన ప్రకారం కంపెనీ చెప్పిన గాలిలో 25 శాతం తగ్గేసరికి దీపం వెలగాలి. అంటే 33 ఉండాల్సిన టైరు 25కు దిగేదాకా కూడా ఆ దీపం మౌనంగా ఉండవచ్చు. దీపం ఆరిపోయి ఉంది కాబట్టి గాలి సరిగ్గా ఉందని అనుకోవడం కూడా పొరపాటే.

పాతబండి | జనవరి 6, ఉదయం 9:40

టేపు సంగతి కొంత సరదాగా అన్నాను, కానీ మావయ్య గారు చెప్పినది విన్నాక వెనక్కి తీసుకుంటున్నాను. గాలి తక్కువైన టైరుతో మండుటెండలో బరువు బండి నడిపితే ఏమవుతుందో నాకు తెలియనిది కాదు. నందిగామ దాటాక ఒకసారి వెనుక జత టైర్లలో లోపలిది పేలి, దాని పీలికలు మడ్‌గార్డును చీల్చుకుంటూ వెళ్లాయి. జతలో ఒకటి మెత్తబడితే రెండోది దాని బరువు కూడా మోస్తుంది కాబట్టి పైకి ఏమీ తెలియదు. ఆ రోజు క్లీనరు బయటి టైర్ల మీద మాత్రమే దెబ్బ వేశాడు.

కొత్తపేట_శ్రీను | జనవరి 6, రాత్రి 8:50

అందరికీ ధన్యవాదాలు. మావయ్య గారూ, దీపం మిణుకుమనడం లేదు, వెలిగితే స్థిరంగానే వెలుగుతోంది. గేజీ కొన్నాను. మా చీటీలో నాలుగింటికీ 33 అని, అయిదుగురు మనుషులు, సామాను ఉంటే వెనుక వాటికి 36 అని ఉంది. ఈ సాయంత్రం ఇంటికి వచ్చాక ఊరికే కొలిచి చూస్తే మూడు టైర్లు 38, 39 చూపిస్తున్నాయి, వెనుక ఎడమది మాత్రం 31 ఉంది! షాపు అతను అన్నింటికీ ఒకేలా కొట్టాను అన్నాడు. వేడి మీద కొలవకూడదన్నారు కాబట్టి రేపు పొద్దున మళ్లీ చూసి సరిచేస్తాను.

నల్లమల_యాత్రికుడు | జనవరి 6, రాత్రి 9:30

శ్రీను గారూ, సాధారణ గాలి తీయించి నైట్రోజన్ పట్టించండి. దానికి చలికి, వేడికి మార్పు ఉండదని మా షాపులో చెప్పారు. ఇక దీపం బెడద ఉండదు.

మెట్రిక్_మాస్టారు | జనవరి 6, రాత్రి 9:55

యాత్రికుడు గారూ, మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. మిగతా భాగాన్ని కూడా నైట్రోజన్‌తో నింపినా, ఉష్ణోగ్రత పది డిగ్రీలు తగ్గితే పీడనం ఇంచుమించు మామూలు గాలిలో తగ్గినంతే తగ్గుతుంది. వాయు నియమాలు ఏ వాయువు పక్షమూ వహించవు. తేమ లేకపోవడం వల్ల, రబ్బరులోంచి కాస్త నెమ్మదిగా జారడం వల్ల కొద్దిపాటి ప్రయోజనం ఉంటుందంటే ఒప్పుకుంటాను. చిల్లు ఉన్న టైరులోంచి మాత్రం నైట్రోజన్ కూడా పోతుంది.

విశాఖ_వాహిని | జనవరి 7, ఉదయం 7:10

మధ్యలో వస్తున్నందుకు మన్నించండి, నాదీ ఇదే దీపం సమస్య కనుక ఇక్కడే అడుగుతున్నాను. మా కారులో దీపం వెలిగినప్పుడు తెర మీద మెనూలోకి వెళ్లి రీసెట్ నొక్కితే ఆరిపోతుంది. మూడు నెలలుగా అలా నాలుగైదుసార్లు నొక్కాను. నిన్న సర్వీసింగుకు ఇస్తే టైర్లు నాలుగూ 24, 25 దగ్గర ఉన్నాయని చెప్పారు. అంత తక్కువైనా దీపం ఎందుకు వెలగలేదు? సెన్సార్లు మార్చమని నాకూ చెబుతారేమోనని భయంగా ఉంది.

టైరుషాపు_తమ్ముడు | జనవరి 7, ఉదయం 10:20

వాహిని గారూ, మీ కారు చక్రాల్లో మార్చడానికి అసలు గాలి సెన్సార్లే లేవు కాబట్టి మీరు నిశ్చింతగా ఉండవచ్చు. ఈ హెచ్చరిక రెండు పద్ధతుల్లో ఉంటుంది. శ్రీను గారి బండిలో ఉన్నట్టు చక్రం లోపల పెట్టెను పెట్టి, గాలిని నేరుగా కొలిచి రేడియో ద్వారా పంపించేది ఒకటి. రెండోది మీది. బ్రేకు పట్టినప్పుడు చక్రాలు జారకుండా చూసే ఏబీఎస్‌కు ప్రతి చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో ఎలాగూ తెలుస్తుంది. గాలి తగ్గిన టైరు చుట్టుకొలత కొంచెం కుంచించుకుపోతుంది కాబట్టి అది మిగతా మూడింటి కన్నా రవ్వంత వేగంగా తిరుగుతుంది. ఆ తేడాను పట్టుకుని కంప్యూటరు దీపం వెలిగిస్తుంది. రీసెట్ బటన్ ఉన్న బళ్లలో ఎక్కువ భాగం ఈ రెండో రకమే.

దీనిలో కిటుకు ఏమిటంటే, రీసెట్ నొక్కడమంటే "ఇప్పుడు టైర్లలో ఉన్న గాలే సరైనది, దీన్నే కొలతగా పెట్టుకో" అని కారుకు నేర్పడం. మీరు గాలి కొట్టించకుండా నొక్కిన ప్రతిసారీ, తగ్గిన గాలినే అది సరైనదిగా నేర్చుకుంది. పైగా నాలుగు టైర్లూ ఒకే తీరున నెమ్మదిగా తగ్గుతూ వస్తే వాటి వేగాల మధ్య తేడా కనిపించదు. మామూలుగా నెలకు ఒకటి, రెండు పీఎస్‌ఐ ఏ టైరులోంచైనా పోతుంది. అందువల్ల ముందు చల్లని టైర్లలో చీటీ ప్రకారం గాలి నింపి, ఆ తర్వాతే రీసెట్ నొక్కి, కొన్ని కిలోమీటర్లు నడపండి. టైర్లు మార్చినా, ముందువి వెనక్కి వేసినా మళ్లీ ఇదే వరుస పాటించాలి.

శ్రీను గారూ, మీ వెనుక ఎడమ టైరు అంకె చూస్తుంటే అనుమానం దాని మీదికే పోతోంది. ఒక చిన్న ప్రశ్న. ఆ చక్రాల వాల్వులకు ఉన్న మూతలు కారుతో వచ్చిన ప్లాస్టిక్‌వేనా, లేక తర్వాత ఎవరైనా లోహపు మూతలు పెట్టారా?

కొత్తపేట_శ్రీను | జనవరి 9, ఉదయం 7:45

ముందుగా లెక్క చెబుతాను. 7వ తేదీ పొద్దున 6 గంటలకు నాలుగింటినీ 33కు సరిచేశాను. నిన్న పొద్దున ముందు రెండూ, వెనుక కుడిదీ 33 దగ్గరే కదలకుండా ఉన్నాయి, వెనుక ఎడమది 31. ఈ రోజు పొద్దున మూడూ 32.5, ఎడమది 29. అంటే మూడింటికి చలి, ఒక్కదానికి లీకేజీ.

తమ్ముడు గారూ, మీరు ఎలా కనిపెట్టారో గానీ, మా పెద్దబ్బాయి దసరా పండుగకు ఆన్‌లైన్‌లో తెప్పించి నాలుగు చక్రాలకూ నల్లటి లోహపు మూతలు పెట్టాడు. షాపు అతను గాలి కొట్టేటప్పుడు వెనుక ఎడమది చేత్తో రాకపోతే కటింగ్ ప్లయరుతో పట్టి తిప్పిన సంగతి ఇప్పుడు గుర్తుకు వస్తోంది.

టైరుషాపు_తమ్ముడు | జనవరి 9, ఉదయం 9:05

అయితే దొంగ దాదాపు దొరికినట్టే. నేరుగా కొలిచే సెన్సార్లకు ఎక్కువగా అల్యూమినియం వాల్వు కాడ ఉంటుంది. దాని మీద వేరే లోహపు మూత బిగించి వానలో, బురదలో తిప్పితే, రెండు లోహాల మధ్య తేమ చేరి తెల్లటి పొడిలా తుప్పు పట్టి, మూత కాడకు కరుచుకుపోతుంది. ప్లయరుతో బలవంతంగా తిప్పినప్పుడు మూతతో పాటు కాడ కూడా తిరుగుతుంది. రిమ్ము రంధ్రం దగ్గర దాని అడుగున ఉండే రబ్బరు వాషరు నలిగిపోతుంది. ఆరేళ్ల రబ్బరు ఎలాగూ గట్టిపడి ఉంటుంది. రెండు లోహాల మధ్య పట్టే ఈ తుప్పు కారణంగానే, ఆ కాడల్లో గాలిని ఆపే పిన్ను కూడా ఇత్తడిది కాకుండా నికెల్ పూత ఉన్నది వేయాలి.

మరో చిక్కు ఉంది. ఇలాంటి లీకేజీ మామూలు పరీక్షలో దొరకదు. టైరును నీళ్ల తొట్టిలో తిప్పేటప్పుడు చూపంతా నేలకు తగిలే తొక్కుడు భాగం మీదే ఉంటుంది, వాల్వు నీళ్ల పైనే ఉండిపోతుంది. మీరు వెళ్లినప్పుడు వాల్వు మొదట్లో సబ్బు నురగ పోయించి, కాడను వేలితో నాలుగు వైపులకూ కొద్దిగా వంచి చూపించమని అడగండి. చక్రం తిరిగేటప్పుడు ఆ కాడ మీద బయటికి లాగే బలం పడుతుంది, నిలిపి ఉంచినప్పుడు పడదు.

వాషరు, నట్టు, పిన్ను, మూత కలిపి సర్వీసు కిట్టుగా విడిగా దొరుకుతాయి. సెన్సారు పెట్టె బాగుంటే దాన్ని మార్చనక్కర్లేదు. టైరు రిమ్ము నుంచి విప్పేటప్పుడు మెషిను కొక్కెం సెన్సారు మీద పడకుండా వాల్వు ఎక్కడుందో ముందే చూపించండి. చూడకుండా విప్పి సెన్సారును విరగ్గొట్టిన కేసులు మా దగ్గరికి నెలకొకటైనా వస్తాయి. పంక్చర్ కాకుండా ముందే పోసే జెల్ ఎవరైనా అంటగట్టబోతే వద్దనండి. అన్ని రకాల జెల్‌లూ సెన్సారుకు సరిపడవు, కొన్ని దాని రంధ్రాన్ని మూసేస్తాయి.

కొత్తపేట_శ్రీను | జనవరి 10, రాత్రి 8:30

ఈ రోజు దిల్‌సుఖ్‌నగర్ దగ్గర ఒక చిన్న టైర్ల షాపుకు వెళ్లాను. తమ్ముడు గారు చెప్పినట్టే ముందు తొట్టిలో ముంచారు, ఏమీ లేదు. తొక్కుడు భాగం గాడుల్లో ఇరుక్కున్న గులకరాళ్లు తీసి చూశారు, ఏమీ లేదు. రిమ్ము అంచు చుట్టూ నురగ రాశారు, అక్కడా ఏమీ లేదు. షాపు కుర్రాడు ఇక లాభం లేదన్నట్టు నా వైపు చూస్తుంటే, వాల్వు మొదట్లో నురగ వేయమని నేనే అడిగాను. నిలువుగా ఉన్నప్పుడు నురగ కదల్లేదు. అతను కాడను బొటనవేలితో రిమ్ము మధ్య వైపు నొక్కేసరికి, నట్టు కింద ఆవగింజంత బుడగ ఒకటి లేచి, బఠాణీ గింజంత ఉబ్బి, పగిలింది. వేలు తీస్తే ఆగిపోయింది. మళ్లీ నొక్కితే మళ్లీ లేచింది. ఇంత చిన్న బుడగ కోసమా నేను 18,000 ఇవ్వబోయింది అనిపించింది.

టైరు విప్పి చూస్తే వాషరు ఒక పక్క చీలి ఉంది. మూత లోపల తెల్లటి పొడి అంటుకుని ఉంది. టైరు లోపలి గోడలను కూడా అతను టార్చి వేసి చూశాడు. గాలి బాగా తగ్గిన టైరును చాలా దూరం నడిపి ఉంటే లోపల నల్లటి రబ్బరు పొడి రాలి ఉంటుందట, మాది శుభ్రంగా ఉంది. కిట్టు వేసి, బ్యాలెన్సింగ్ చేసి 450 రూపాయలు తీసుకున్నారు. నాలుగింటికీ ప్లాస్టిక్ మూతలు పెట్టించాను. గాలి కొట్టాక కూడా దీపం వెంటనే ఆరకపోతే కంగారు పడ్డాను గానీ, మలక్‌పేట వంతెన దాటేలోపు ఆరిపోయింది.

మెట్రిక్_మాస్టారు | జనవరి 10, రాత్రి 9:00

చాలా సంతోషం. దీపం వెంటనే ఆరకపోవడం సహజమే. బ్యాటరీ ఆదా చేయడానికి బండి ఆగి ఉన్నప్పుడు సెన్సారు దాదాపు నిద్రలో ఉంటుంది. చక్రం కొంత వేగం అందుకుని తిరిగితేనే మేలుకుని కొత్త అంకె పంపుతుంది.

పాతబండి | జనవరి 10, రాత్రి 9:25

శ్రీను గారూ, ప్రయాణానికి ముందు నా వంతు మాట. హైవే మీద ఈ దీపం వెలిగితే ఒక్కసారిగా బ్రేకు తొక్కవద్దు. యాక్సిలరేటరు మీద కాలు తేలిక చేసి, స్టీరింగు ఒక పక్కకు లాగుతోందేమో గమనిస్తూ, ఎడమకు వచ్చి, నేల గట్టిగా, చదునుగా ఉన్న పెట్రోలు బంకుగానీ, దాబాగానీ చూసుకుని ఆగండి. లాగడం మొదలైతే మాత్రం అంత దూరం వెళ్లకుండా అక్కడే రోడ్డు అంచు దాటి లోపలికి ఆపండి. అలా లోపలికి ఆపే చోటు లేకపోతే, లారీల పక్కన నిలబడి కుడి వైపు చక్రం మార్చడం కన్నా, రిమ్ము పాడైనా ఫరవాలేదని ఇంకొంత ముందుకు వెళ్లడమే మంచిది. బంకుల్లో గాలి ఉచితం. అయితే అక్కడి గేజీని నమ్మకుండా మీ గేజీతో ఇంకోసారి చూసుకోండి.

ఇంకొకటి. సూర్యాపేటలో టీ తాగడానికి ఆగినప్పుడు గేజీ పెడితే నాలుగైదు పీఎస్‌ఐ ఎక్కువ చూపిస్తుంది. అది వేడి వల్ల వచ్చినది. ఎక్కువైందని గాలి తీసేశారో, విజయవాడలో మర్నాడు పొద్దున దీపం మళ్లీ పలకరిస్తుంది. స్టెప్నీ సంగతి కూడా చూసుకోండి.

కొత్తపేట_శ్రీను | జనవరి 16, సాయంత్రం 6:10

నిన్న రాత్రి విజయవాడ నుంచి క్షేమంగా తిరిగి వచ్చాము. వెళ్లేటప్పుడు చల్లని టైర్లలో ముందు 33, వెనుక 36 పెట్టుకుని బయలుదేరాను. సూర్యాపేటలో పాతబండి గారు చెప్పినట్టే ముందువి 37, వెనుకవి 40 చూపించాయి, ముట్టుకోలేదు. దీపం ఒక్కసారి కూడా వెలగలేదు. ఈ రోజు పొద్దున కొలిస్తే వెనుక రెండూ సమానంగా 35.5 ఉన్నాయి.

స్టెప్నీ సంగతి గుర్తు చేసినందుకు పాతబండి గారికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు. బయలుదేరే ముందు రోజు రాత్రి డిక్కీ చాప ఎత్తి గేజీ పెడితే అందులో 14 పీఎస్‌ఐ ఉంది. కారు కొన్నప్పటి నుంచి దాన్ని ఎవరూ ముట్టుకున్నట్టు లేదు. అవసరపడి ఉంటే ఆ చక్రం వేసుకుని పది కిలోమీటర్లు కూడా వెళ్లగలిగేవాళ్లం కాదేమో.

డాలస్_మావయ్య | జనవరి 16, రాత్రి 9:45

స్టెప్నీలో సాధారణంగా సెన్సారు ఉండదు కాబట్టి దాని గాలి గురించి ఏ దీపమూ మీకు చెప్పదు. దాన్ని చక్రంగా వేసుకుని నడిపితే, ఆ స్థానం నుంచి సంకేతం రాక దీపం మొదట మిణుకుమని తర్వాత నిలిచిపోతుంది, అప్పుడు సెన్సారు పోయిందని ఎవరైనా చెబితే నమ్మకండి. మీ తర్వాతి కారుకు అసలు స్టెప్నీయే ఉండకపోవచ్చు. ట్యూబ్‌లెస్ టైర్లు, ఈ హెచ్చరిక దీపం, పంక్చర్ కిట్ ఉన్న కార్లకు స్టెప్నీ అవసరం లేదని మన కేంద్ర ప్రభుత్వం 2020లోనే నిబంధన మార్చింది. మా ఇంట్లో కొత్త కారుకు లేదు. అందుకే లైటర్ సాకెట్‌కు తగిలించే చిన్న కంప్రెసరు ఒకటి డిక్కీలో పెట్టుకుని తిరుగుతున్నాను.

విశాఖ_వాహిని | జనవరి 17, ఉదయం 7:20

నేను కూడా గాలి సరిచేసి, ఆ తర్వాతే రీసెట్ చేశాను. పది రోజులుగా ప్రశాంతంగా ఉంది. మా డిక్కీ చాప ఎత్తి చూశాను, స్టెప్నీలో 11 ఉంది.